గంగులమ్మ కొత్త గానుగ

మా మేనత్త గంగులమ్మది పెనుకొండ దగ్గర పల్లె. వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ గానుగ ఆడేవాళ్ళు. హిందూపురంలో మిల్లులు వచ్చాక ఊరి శెనక్కాయలన్నీ అటే పోయాయి. ఇంటి గానుగ మూలపడింది. మామ చనిపోయిన తర్వాత అత్త రోడ్డుపనికి పోయి కంకర కొట్టి బతికింది.

ఊళ్ళకు బ్లాకాఫీసులు కొత్తగా వచ్చిన రోజులవి. ఒక సాయంత్రం గ్రామసేవకుడు నాగభూషణం గానుగోళ్ళ వీధికి వచ్చి అందరినీ కూచోబెట్టాడు.

"మీరంతా సంఘంగా చేరితే ఖాదీ బోర్డు కొత్త రకం గానుగ ఇస్తాది. షెడ్డు కట్టుకునేకి గ్రాంటు ఉండాది. పాతదాని కంటే నూనె బాగా దిగుతాది. మీలో ఒకరు మాత్రం అనంతపురం పోయి, ఆడే ఉండి పని నేర్చుకోవల్ల."

మగవాళ్ళు తలా ఒక సాకు చెప్పారు. సేద్యం వదిలి పోలేనన్నాడొకడు. గొర్రెల్ని ఎవరు తోలుతారన్నాడు ఇంకొకడు. గోడవారన నిలబడిన అత్త "నేను పోతా" అంది.

అత్త మరిది మల్లప్పకు కోపం వచ్చింది. "ఆడమనిషివి ఒంటిగా పట్నం పోతావా వదినా? ఇంటి మర్యాద ఏం గావల్ల?"

"ఎండలో కంకర కొడతాంటే ఎవురూ అడగలేదే మల్లప్పా! అప్పుడు యాడ ఉన్నింది ఈ మర్యాద?"

మల్లప్ప లేచి వెళ్ళిపోయాడు. చాన్నాళ్ళు ఆమె గడప తొక్కలేదు.

పక్కింటి యల్లక్కను తోడు తీసుకుని అత్త అనంతపురం పోయింది. మొదట్లో ఇల్లు గుర్తొచ్చి ఏడ్చేదట. పోనుపోనూ కొత్త గానుగను విప్పి, మళ్ళీ బిగించేంత పని వచ్చేసింది.

ఆమె తిరిగొచ్చాక గానుగ బండి మీద వచ్చింది. గ్రాంటుతో కట్టిన షెడ్డులో దాన్ని నిలబెట్టి మొదటిసారి తిప్పుతుంటే అత్త ముసలెద్దు నాలుగు చుట్లు తిరిగి చతికిలబడింది. ఎంత అదిలించినా లేవలేదు. ఆడించుకోవడానికి శెనక్కాయ విత్తనాలు తెచ్చిన ఆడవాళ్ళు గంపలు మళ్ళీ నెత్తికెత్తుకోబోయారు.

"పోవద్దండమ్మా, ఉండండి" అని అత్త ఎద్దును విప్పేసింది. తానూ యల్లక్కా దూలం పట్టుకుని గానుగ తిప్పడం మొదలుపెట్టారు. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి.

చేను దున్ని మడకెద్దుతో వస్తున్న మల్లప్ప అది చూశాడు. ఎద్దును తోలుకుని నేరుగా షెడ్డులోకి వచ్చాడు.

"జరుగు వదినా" అంటూ తన ఎద్దును కట్టాడు. "దీనికిది కొత్త. కండ్లకు గంతలు కట్టు, లేకుంటే బెదురుతాది."

అత్త పైటచెంగు చించి గంతలు కట్టింది. ఎద్దు కదిలింది. కాసేపటికి కమ్మని వాసనతో నూనె దిగింది. మల్లప్ప వేలితో అద్దుకుని నాలుక మీద వేసుకున్నాడు. "బాగుండాది" అన్నాడు. మర్నాటి నుంచి అతనూ సంఘం మనిషే.

కాయలు వొలిచే పని దొరికి, కంకర కొట్టే ఆడవాళ్ళు కొందరు రోడ్డుపనికి పోవడం మాని ఊళ్ళోనే ఉండిపోయారు. ధర్మవరం మగ్గాల ఇళ్ళ నుంచి పెండ్లి వంటలకు నూనె కావాలని కబురొచ్చేది. నూనె తీయగా మిగిలిన చెక్క పశువుల మేతకు పోయేది.

ఆ తర్వాత బ్లాకాఫీసువాళ్ళు అత్తను కన్నడం మాట్లాడే గుడిబండకు పంపారు, అక్కడి సంఘానికి పని చూపించమని. ఆమె వచ్చీరాని కన్నడం విని అక్కడి ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. అత్తా వాళ్ళతోపాటు నవ్వింది. మధ్యాహ్నం వాళ్ళు పెట్టిన రాగిసంగటి మీద అప్పుడే దిగిన నూనె పోసుకుని కడుపారా తిని, సాయంత్రం బస్సెక్కింది.