మెక్సికక్క

మా అత్తమ్మ జంపఖానాలో ఎడమ సగం నేసేది. కుడి సగం మామది. అంత వెడల్పు జంపఖానా ఒక్కరి వల్ల కాదు. ఇద్దరూ ఒకే పలక మీద పక్కపక్కన కూర్చుని, పోగు ఇటునుంచి అటు అందించుకుంటూ, ఇనుప పంజాలతో ఒకే ఊపులో కొట్టాలి. ఒకరి దెబ్బ మెత్తబడితే నేత వంకర పోతుంది. అయినా కాశిబుగ్గలో ఎవరిని అడిగినా మామ జంపఖానా అనే అనేవాళ్లు. ఎడమ సగం దానంతటదే పుట్టుకొచ్చినట్టు.

నేను డిగ్రీ చదివి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది డెబ్బైల చివర్లో. మా ఆయన సర్కారు బడిలో పంతులు. మీటింగుల్లో ఆడవాళ్ల హక్కుల మీద బ్రహ్మాండంగా మాట్లాడేవాడు. ఇంట్లో మాత్రం మంచినీళ్లు కూడా ముంచుకునేవాడు కాదు.

ఎనభైల మొదట్లో నా స్నేహితురాలు హన్మకొండ నుంచి సైక్లోస్టైల్ కాగితాలు తెచ్చి ఇచ్చింది. మెక్సికో రచయిత్రి ఒకామె తన బతుకు గురించి రాసుకున్న వ్యాసం, ఇంగ్లీషులో. ఆమె భర్త పేరున్న రచయిత. ఇరవై ఏళ్లు అతని రాతలు టైపు కొట్టింది, వాక్యాలు సరిదిద్దింది, అతనికి తోచనిచోట తనే రాసిపెట్టింది. ఇంటికొచ్చినవాళ్లు అతన్ని పొగుడుతుంటే కాఫీలు అందించింది. నలభై దాటాక ఒకరోజు టైపు మిషను వంటింట్లోకి మార్చుకుని తన సొంతం రాయడం మొదలుపెట్టింది. ఆడవాళ్ల పనికి పేరెందుకు ఉండదని నిలదీసింది. చదువుతుంటే నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

తెలుగు చెయ్యడానికి మూడు నెలలు పట్టింది. మధ్యాహ్నాలు మగ్గం పక్కన కూర్చుని, రాసినంత వరకు చదివి వినిపించేదాన్ని. ఆమె పేరు నాలుగు మాటల పొడుగు, నాకు నోరు తిరగలేదు. వయసులో పెద్దది కదా అని మెక్సికక్క అన్నాను. మా ఇంట్లో ఆ పిలుపే ఖాయమైంది. మెక్సికక్క ఇవాళ ఏం చేసిందని నేను వచ్చి కూర్చోగానే అత్తమ్మ అడిగేది. పిల్లలెందరు, వంటెవరు చేస్తారు, మొగుడు కొట్టేవాడా అంటూ వ్యాసంలో లేని సంగతులన్నీ ఆమెకు కావాలి. మామ విననట్టే ఉండేవాడు గానీ, నేను చదవడం ఆపితే ఆయన పంజా కూడా ఆగేది.

ఒక చిన్న పత్రిక వాళ్లు వేస్తామన్నారు. మా ఆయన దస్తూరి బాగుంటుందని సాఫు ప్రతి ఆయనే రాశాడు. అనువాదకుడిగా తన పేరు పెట్టుకున్నాడు. ఇదేమిటని అడిగితే, డిక్షనరీలో మాటలు వెతికింది తనే కదా అన్నాడు. వాడకట్టులో నా గురించి నలుగురూ నాలుగు రకాలుగా అనుకోకుండా అని కూడా అన్నాడు. ఆ వ్యాసాన్ని మొదటినుంచి చివరిదాకా తిరగరాసిన చేత్తోనే ఆ పని చేశాడు మహానుభావుడు.

అత్తమ్మ అంతా విన్నది. మర్నాడు మగ్గం ఎక్కలేదు. మామ పిలిస్తే, "ఎవల పేరు నడుస్తాందో వాళ్లనే నెయ్యమను" అని బియ్యం చెరుగుతూ కూర్చుంది. మామ రెండు రోజులు కుడి సగం ముందు ఒక్కడే కూర్చుని బీడీ మీద బీడీ కాల్చాడు. మూడో రోజు పొద్దున కొడుకును పిలిచాడు.

"పిల్ల పేరు పిల్లకియ్యిరా. నా మగ్గం ఆగిపాయె."

మా ఆయన ముఖం ముడుచుకుని, పేర్లున్న మొదటి పేజీ చించి, తెల్లకాగితం నా ముందు పెట్టాడు. వ్యాసం పేరు రాసి, దాని కింద నా పేరు రాశాను. బాగా కనబడాలని మళ్లీ దిద్దాను. ఆయన మనసు మారకముందే కాగితాలన్నీ, ఇంగ్లీషువి కూడా, ఒకే కవరులో పెట్టి పోస్టు చేసి వచ్చాను.

పత్రిక వచ్చిన రోజు అత్తమ్మ చేతులు కడుక్కుని వచ్చి, నా పేరు ఏదో చూపించమంది. దాని మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం వెంట జరిపింది. నాకు పట్టరాని సంతోషం. తర్వాత అడిగింది, మరి మెక్సికక్క పేరేదని.

పేజీలు తిప్పాను. చివర చూశాను. మళ్లీ మొదటికొచ్చాను. ఎక్కడా లేదు. ఆ తెల్లకాగితం మీద నేను రాయనే లేదు. ఆమె బతుకంతా నా పేరు కింద అచ్చయింది.

"నీ దిక్కు నేనుంటి" అన్నది అత్తమ్మ మెల్లగా. "ఆమె దిక్కు ఎవలూ లేకపాయె బిడ్డా."

పత్రికకు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. కొన్నాళ్లకు పత్రికే ఆగిపోయింది. కాగితాలిచ్చిన స్నేహితురాలికీ ఆ పేరు గుర్తు లేదు. మేము పెట్టుకున్న పిలుపు తప్ప ఆ నాలుగు మాటల్లో ఒక్కటీ నా దగ్గర మిగల్లేదు. మూడు నెలలు నా పక్కన కూర్చుని పని చేసిన మనిషి. ఆమె పేరు పోగొట్టింది నేనే.