చోటు లేదన్న శుభలేఖ

మా అన్నయ్య పెళ్లి శుభలేఖలో మా అమ్మ పేరుకు చోటు లేదన్నది మా పెదనాన్న. ఆ మాట ఎవరితో అనకూడదో వాళ్లతోనే అన్నాడు, అంటే నాతో. డెబ్బైల్లో నేను తిరువూరు బస్టాండు దగ్గర ఒక ప్రింటింగ్ ప్రెస్సులో అక్షరాలు పేర్చే పని చేసేదాన్ని. ఏ కార్డులో ఎంత చోటుందో ఆ చుట్టుపక్కల నాకంటే బాగా తెలిసింది మా ప్రెస్సు సాయిబుగారికి ఒక్కరికే.

అప్పట్లో ప్రతి అక్షరమూ సీసంతో పోసినదే. గళ్ల పెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి, ఎడంచేతిలో పట్టుకున్న స్టిక్కు అనే చిన్న ఇనుప పట్టెలో తలకిందులుగా పేర్చాలి. వరుసకూ వరుసకూ మధ్య ఎడం కోసం సన్నని సీసపు బద్దలు పెట్టాలి, వాటిని లెడ్లు అనేవాళ్లం. అంతా ఇనుప చట్రంలో కదలకుండా బిగించి కాలితో తొక్కే మిషను మీదికి ఎక్కించాలి. ఆ చట్రంలో ఖాళీ అనేది ఉండదు. కార్డు మీద మీకు తెల్లగా కనిపించే ప్రతి చోటా లోపల ఒక సీసం ముక్కో చెక్క ముక్కో కూర్చుని ఉంటుంది. దాన్ని లేపి ఇంకొకటి కూర్చోబెట్టవచ్చు. అందుకే ఎవరైనా చోటు లేదంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది పెనుగొలను. నాన్న పోయాక వ్యవసాయం అమ్మే చేసింది. కూలీలను పిలవడం, పత్తి బండ్లు కట్టించడం, నీళ్ల వంతు కోసం పక్క చేలవాళ్లతో గట్టు మీద నిలబడి పోట్లాడటం, అన్నీ ఆమే. ఊళ్లో ఎవరికీ జంకేది కాదు గానీ, పెదనాన్న ఎదుట మాత్రం పడేది కాదు. బావగారి ముందు నిలబడి మాట్లాడటం మా ఇళ్లల్లో మర్యాద కాదు. ఆయన అరుగు మీద కూర్చుంటే అమ్మ తలుపు చాటున నిలబడి, “ఈసారి విత్తనాలు ఎక్కడ తెస్తున్నారో మీ పెదనాన్నని అడగవే” అనేది. ఆయనకు అది వినబడేది. అయినా నేను మళ్లీ అడగాలి. ఆయన జవాబు అమ్మకు వినబడేది. అయినా నేను మళ్లీ చెప్పాలి. నా చిన్నతనమంతా ఆ గడప మీద నిలబడి, వినబడిన మాటలే మళ్లీ అప్పజెప్పడంతో సరిపోయింది.

అన్నయ్య పెళ్లి కుదిరిన రోజున అమ్మ పత్తి ఏరుతూ చెప్పింది. “కార్డు మీద పిలిచేది నేను. నా పేరు పడాలి. నీ చేతిలో పనేగా?”

నా చేతిలో పనే. అంతకు ముందు అలాంటి కార్డు మాత్రం నేను పేర్చలేదు. తండ్రి లేకపోతే పెదనాన్నో బాబాయో పిలిచేవాడు. తండ్రి పేరు ముందు కీర్తిశేషులని వేసేవాళ్లు. తండ్రి ఉన్నా లేకున్నా తల్లి ఊసు ఉండేది కాదు. భర్త పోయిన ఆడదాని పేరు శుభలేఖ మీద కనబడితే అశుభమని అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. అన్నయ్యకు గొడవలంటే భయం. “ఎవరి పేరుంటే ఏంలే” అన్నాడు. “అయితే నీ పేరు తీసేస్తా” అన్నాను. ఇక ఆ విషయం ఎత్తలేదు.

పెదనాన్న ప్రెస్సుకు వచ్చి తొలి ప్రూఫు చూశాడు. పిలిచేవాళ్ల దగ్గర అమ్మ పేరు చూసి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. “నా పేరు వెయ్యాలి కదమ్మా అక్కడ. రెండు పేర్లకి చోటు చాలదు. అమ్మది తీసెయ్” అన్నాడు. కోపంగా కూడా అనలేదు, చొక్కా గుండీ ఊడింది కుట్టమన్నట్టుగా అన్నాడు.

నేను చుట్టూ ఉన్న పూల బోర్డరు తీసి ఒక్క సన్నగీత పెట్టాను. రెండు వరుసల చోటు వచ్చింది. పెదనాన్న ఎ.కొండూరులో ఉన్న తన బావమరిది పేరు, ఆయన చేసిన పదవులన్నిటితో సహా, పట్టుకొచ్చాడు. చోటు నిండింది. బంధువుల పేర్లను ఒకదాని కింద ఒకటిగా కాకుండా రెండు వరసలుగా పక్కపక్కన పేర్చాను. మళ్లీ చోటు వచ్చింది. ఈసారి బ్యాండు మేళం వాళ్ల పేరు, ఊరేగింపు సంగతి తెచ్చాడు. నేను ఎంత చోటు చేస్తే ఆయన అంత నింపుతున్నాడు. సంతలో బస్తాకు కొసరు వేయించుకునేవాడిలా రోజూ ఒక పేరు జేబులో వేసుకుని వచ్చేవాడు.

లెడ్లు తీసేశాను. తెలుగులో అదొక తంటా. వరుసలు దగ్గరైతే పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడి మీద కూర్చున్నట్టు కనబడుతుంది. ముహూర్తం పేరా నిండా ఒత్తులే. ఒక్కో మాటనూ ముందుకూ వెనక్కూ జరుపుతూ, ఒత్తు ఉన్నచోట కింద రెండు మాటల మధ్య ఖాళీ వచ్చేలా కూర్చాను. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. చేతులు నల్లబడ్డాయి, మెడ పట్టేసింది, అయినా ఆ పేరా చూస్తే నాకే ముచ్చటేసింది. పైన ఉన్న పెద్ద దేవుడి బొమ్మ దిమ్మ తీసి చిన్నది పెట్టాను.

“దేవుణ్ణి చిన్నది చేస్తావా?” అన్నాడు పెదనాన్న.

“ఆయనకి అభ్యంతరముంటే ఆయనే వచ్చి చెప్తాడులే పెదనాన్నా” అన్నాను.

సాయిబుగారికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నారు. ఆయనకు ఇద్దరమూ కావాలి. “చూడండి, పేర్లు ఎన్నయినా వేస్తా, తగాదా మాత్రం వెయ్యలేను. సగం కార్డులు పెద్దాయన పేరుతో, సగం అమ్మ పేరుతో తీస్తా. ఒక్క లైను మార్చడమేగా. ఎవరివి వాళ్లు పంచుకోండి” అన్నారు. పెదనాన్న వెంటనే తలూపాడు. తెలివైన ఉపాయమే, కాదనను. కానీ ఊరంతా పంచేది పెదనాన్న పేరున్నవే. అమ్మ పేరున్న కార్డులు మాలో మేమే చూసుకోవాలన్నమాట. ఆ సాయంత్రమే బస్సులో ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను.

“నా కొడుక్కి రెండు పెళ్లిళ్లు చెయ్యట్లేదు” అంది అమ్మ.

మర్నాడు పొద్దున నాతోపాటే గంపలగూడెం నుంచి తిరువూరు వెళ్లే బస్సెక్కి ప్రెస్సుకు వచ్చింది. చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి, చట్రం బిగించే రాతిబల్ల పక్కన నిలబడింది. నేను ప్రూఫు చేతికిచ్చాను. పదవుల బావమరిది, బ్యాండు మేళం, ఊరేగింపు, పెదనాన్న పేరు అన్నీ పోగా, అడుగున ఇంకా ఒక వరుస పట్టేంత తెలుపు మిగిలింది. ఆ తెలుపు నేను కావాలనే ఉంచాను.

కాసేపటికి పెదనాన్న వచ్చాడు. అమ్మను చూసి గుమ్మంలో ఆగాడు. ప్రెస్సులో చాటుకు పోవడానికి తలుపు లేదు, ఇటు రాతిబల్ల, అటు మిషను. అమ్మ అలవాటుగా కొంగు సర్దుకుంది గానీ కదల్లేదు. ఆయన నా వైపు తిరిగి, “చోటు లేదని మీ అమ్మకి చెప్పు” అన్నాడు.

నేను నోరు తెరవలేదు. ఇన్నేళ్లూ అప్పజెప్పింది చాలనిపించింది.

అమ్మే మాట్లాడింది. “చోటుంది బావగారూ. కళ్లారా చూశాను. ఇంకేం అడ్డమో అది చెప్పండి.”

మిషను తొక్కేవాడు తొక్కడం ఆపాడు. అమ్మ పెదనాన్నతో నేరుగా మాట్లాడటం అదే మొదలు. ఆయన ప్రూఫు తీసుకుని పైనుంచి కిందికి చూశాడు, తిప్పి వెనక కూడా చూశాడు, వెనక ఏమీ లేదు. “లోకం ఏమనుకుంటుంది...” అని మొదలుపెట్టాడు.

“లోకం అనుకునేది లోకాన్నే అననివ్వండి. మీరు అనుకునేది చెప్పండి. నా ముందే చెప్పండి.”

ఆ మాట ఆయన అనలేకపోయాడు. అనలేడని నాకు తెలుసు. చెడ్డవాడు కాదు మా పెదనాన్న. నాన్న పోయిన ఏడాది మా చేనికి తన ఎడ్లు పంపినవాడే. కానీ అలాంటి మంచివాళ్లు దాక్కోవడానికి ఎప్పుడూ ఒక చోటు వెతుక్కుంటారు. ఆ వారమంతా నేను అమ్మ పేరుకు చోటు చేస్తున్నానని అనుకున్నారు అందరూ. నేను చేసింది పెదనాన్నకు దాక్కునే చోటు లేకుండా చేయడం. ఆయన కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

“ఆయన పేరు తియ్యకు. దీవించేవాళ్లలో మొదటిది ఆయనదే ఉండాలి” అంది అమ్మ. అలాగే చేశాను. పిలిచేవాళ్ల దగ్గర అమ్మ పేరొక్కటే, పెళ్లికూతురి తండ్రి పేరుకు వాడినంత పెద్ద అక్షరాలతోనే పేర్చాను. సాయిబుగారు చట్రం బిగించి, వేళ్లతో తట్టి చూసి, “ఇక ఊడదు” అన్నారు.

తొలి కార్డు పెదనాన్న ఇంటికే. బొట్టు పెట్టి పిలవడానికి కుంకుమ భరిణె నేను పట్టుకున్నాను, కార్డు అమ్మ పట్టుకుంది. ఎప్పుడూ పెరటి దారిన వెళ్లే మనిషి, ఆ రోజు వీధి గుమ్మంలోంచి వెళ్లింది. పెదనాన్న అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. “బావగారూ, మా అబ్బాయి పెళ్లి. మీరూ అక్కయ్యా ముందుండి జరిపించాలి” అంది. ఆయన పేపరు దించకుండానే తలూపాడు.

లోపల్నుంచి పెద్దమ్మ వచ్చింది. నేను బొట్టు పెట్టాను. ఆవిడ కార్డు తీసుకుని వెలుగులోకి తిప్పి, కూడబలుక్కుంటూ అమ్మ పేరు దాకా చదివి, అక్కడ వేలు పెట్టి ఆపింది. ఆ వేలు చాలాసేపు అక్కడే ఉంది. వాళ్లబ్బాయికీ అప్పుడు సంబంధాలు చూస్తున్నారు.

“మావాడి కార్డు కూడా నువ్వేగా పేర్చేది?” అంది.

“నేనే పెద్దమ్మా” అన్నాను. పేపరు వెనక ఉన్న ఆయనకు వినబడేలాగే అన్నాను.