రవికలో కుట్టుకున్న అట్టచీటీ

నోని కాడిగన్ కంటే ముందే ఆవిడ చేతి చేపలు అమెరికా చూశాయి. ముప్ఫై ఏళ్ళు కాజిల్‌టౌన్ రేవులో కనగుర్తల వీపు చీల్చి, పేగు తీసి, ఉప్పు పట్టించి పీపాల్లో పేర్చిందావిడ. ఆ పీపాలు ఓడెక్కి బోస్టన్ పోయేవి. "నా చేతి ఉప్పు తినని ఇల్లు ఆ దేశంలో లేదు, నన్నెవడు ఆపుతాడు" అని ప్రయాణానికి ముందు రేవులో కనపడ్డ ప్రతివాళ్ళతోనూ అంది. ఆ మాట అందరికీ వినపడింది. దాని కింద ఉన్న భయం ఎవరికీ వినపడలేదు.

భయం కళ్ళ గురించి. ఉప్పునీళ్ళ చెమ్మ ఒకవైపు, కట్టెలకి బదులు పొయ్యిలో కాల్చే ఎండు బురదగడ్డల పొగ ఒకవైపు, యాభై రెండేళ్ళకి నోని కళ్ళు ఎప్పుడు చూసినా ఏడ్చి వచ్చినట్టు ఎర్రగా ఉండేవి. ఏడుపు మాత్రం ఆవిడకి తెలీదు. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయిన ఏడాది ఏడ్చేసింది, ఇక చాలనుకుంది. కానీ అమెరికా రేవులో డాక్టర్లు కనురెప్ప తిరగేసి చూస్తారనీ, లోపల అంటుకళ్ళజబ్బు గింజ ఏదైనా కనపడితే వచ్చిన ఓడలోనే వెనక్కి తోలేస్తారనీ ఊరంతా చెప్పుకునేది. వెనక్కి వస్తే కూర్చోడానికి పీట లేదు. గుడిసె తాళం మేనల్లుడి చేతిలో పెట్టేసింది. వాడి పెళ్ళాం ఆ సాయంత్రమే తలుపుకి కొత్త రంగు వేసింది, మహా తొందర.

అక్కడ ఎదురుచూసేది చెల్లెలు ఎల్లీ. బోస్టన్ రేవు పక్కన ఓడ కూలీలకి అద్దెగదులిచ్చి వండిపెట్టే ఇల్లు నడుపుతోంది. పద్నాలుగుమంది తినేవాళ్ళు. మోకాళ్ళు పట్టేశాయి, మెట్లెక్కలేను, నువ్వు రాకపోతే వేసవికల్లా ఇల్లు మూసేస్తాను అని ఉత్తరం రాసి, టిక్కెట్టు అందులోనే పెట్టి పంపింది. పాదిరీగారు ఆ ఉత్తరం మూడుసార్లు చదివి వినిపించారు. నోనికి చదువు రాదు. రాదని చెప్పుకోదు కూడా. "నా కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది" అంటుంది. కళ్ళజోడు ఆవిడ జన్మలో పెట్టుకోలేదు.

క్వీన్స్‌టౌన్‌లో ఓడెక్కేముందు ఒడ్డు డాక్టరు వరసలో నిలబెట్టి చూశాడు. వానలో తడుస్తూ మూడొందలమంది. ఆయనకీ తొందరే, నోని మొహంలోకి చూసి చెయ్యి ఊపేశాడు. ఆ పక్కన గుమాస్తా ఒక అట్టచీటీ ఇచ్చి, "ఇది భద్రం, అమ్మా. ఇది లేకపోతే అమెరికా గడప తొక్కనివ్వరు" అన్నాడు.

భద్రం అంటే కాజిల్‌టౌన్ ఆడదానికి ఒకటే చోటు. బసలో దుప్పటి చాటుకి పోయి, లోపలి రవికకి, మరియమ్మ తాయెత్తు పక్కన, వల నేసే మైనపు దారం రెండు పేటలు చేసి అట్టచీటీ కుట్టేసుకుంది. వలముడి వేసింది. తిమింగిలం వచ్చి లాగినా ఊడని ముడి అది. ఆ రాత్రి మాత్రం హాయిగా నిద్రపోయింది.

ఓడ మీద మూడో తరగతిలో రోజూ పొద్దున్న గంట కొట్టేవారు. జనమంతా పై తట్టుకెక్కి బారులు తీరేవాళ్ళు. ఆ బారు చివర ఓడ డాక్టరు. నోని మొదటిరోజు మెట్ల మీంచి తొంగిచూసింది. ఎవరికీ దగ్గు లేదు, పడక లేదు. బుగ్గలు ఎర్రగా ఉన్న కుర్రకారంతా డాక్టరు కోసం నిలబడడం చూసి ఆవిడకి ఒళ్ళు మండింది. వాళ్ళ ఊళ్ళో ఒక మాటుంది, పాదిరీ వెనకాల డాక్టరు, డాక్టరు వెనకాల వడ్రంగి అని. డాక్టరు ఇంటికొచ్చాడంటే శవప్పెట్టెకి కొలత తీసుకోడమే మిగిలిందని లెక్క. ఏ జబ్బూ లేనివాళ్ళు పనిగట్టుకుని ఆయన ముందుకి పోవడమేమిటి, చావుకి సైగ చెయ్యడం కాకపోతే. పైగా కళ్ళు. అడగనివాడికి చూపించడమెందుకు?

కిందకి దిగిపోయింది. దిగితే బోలెడు పని. గదిలో నాలుగు మంచాలు, ఒకదాని మీద ఒకటి. నోని కాక మిగతా ముగ్గురూ ఆడపిల్లలు. ఇళ్ళల్లో పనికి పోతున్న డీలియా, పంతొమ్మిదేళ్ళది. కెర్రీ నించి వచ్చిన అక్కచెల్లెళ్ళిద్దరు. నేల కనపడకుండా పోయిన గంటకే ముగ్గురూ కడుపు తిప్పుకుని పడ్డారు. ఆరోరోజు దాకా లేవలేదు. నోని బకెట్లు మోసింది, నేల కడిగింది, వంటవాళ్ళ దగ్గరకెళ్ళి వేణ్ణీళ్ళూ ఎండు బిస్కెట్లూ లాక్కొచ్చింది. చేపల నడుమ బతికినదానికి వాసనొక లెక్క కాదు. "పెద్దమ్మా, నేను చచ్చిపోతాను" అని డీలియా మూలిగితే, "నీకంత తీరిక లేదు, పిల్లా. బకెట్టు ఇటు జరుపు" అనేది.

ప్రయాణికుల పనులు చూసే స్టూవర్డు పెర్రీ రోజూ గదిగదికీ వచ్చి జనాన్ని వరసలోకి తోలేవాడు. లివర్‌పూల్ మనిషి, నోరున్నవాడు. కానీ నోనిని ఎప్పుడూ తోలలేదు. బకెట్టు పట్టుకున్న ఆడదాన్ని ఏ మగాడూ ఏ వరసలోకీ పిలవడు.

లేవలేని పిల్లల్ని చూడ్డానికి డాక్టరే కిందకొచ్చేవాడు. ఫెన్విక్ అని, పాలుగారే మొహం, చెవులు మాత్రం చేటలు. మొదటిసారి వచ్చి డీలియా నోట్లో చెంచా పెట్టి, అదే చెంచా కెర్రీ పిల్ల వైపు తీశాడు.

"ఆ చెంచా కడిగావా, నాయనా?" అంది నోని.

ఆయన ఆగిపోయాడు. "ఏమన్నారు?"

"చేప కడిగే కత్తి కూడా చేపచేపకీ ముంచి తీస్తాం మేము. ఇవి ఆడపిల్లలు."

ఫెన్విక్ చెవులు ఎర్రబడ్డాయి. వెళ్ళి కడుక్కొచ్చాడు. మర్నాటి నించీ గడపలో అడుగు పెడుతూనే చెంచా పైకెత్తి చూపించేవాడు. "కడిగాను" అనేవాడు. "చూస్తున్నాలే" అనేది నోని. తెల్ల ఆప్రాను కట్టుకుని, చేతులు మోచేతుల దాకా మడిచి, గదిని తనదిగా ఏలుతున్న ఆ పెద్దావిణ్ణి ఓడలో ఆడవాళ్ళ బాగోగులు చూసే ఉద్యోగి అనుకున్నాడాయన. పిల్లల అట్టచీటీలు తీసి తన దగ్గరున్న కొరుకుడు పటకారుతో ఏదో చేసి దిండు కింద పెట్టేవాడు. మందేదో రాసుకుంటున్నాడులే అనుకుంది నోని.

ఏడోరోజు పొద్దున్న డీలియా లేచింది. తల దువ్వుకుని, తన కాళ్ళ మీద తను పైకెళ్ళి, వరసలో నిలబడి వచ్చింది. వస్తూనే అడిగింది.

"పెద్దమ్మా, మీరెప్పుడు వేయించుకున్నారు చిల్లు? వరసలో కనపళ్ళేదే."

"ఏం చిల్లే?"

డీలియా తన అట్టచీటీ చూపించింది. అంచున వరసగా చిన్న చిన్న గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో చిల్లు, మొత్తం ఏడు. "రోజూ డాక్టరు మనిషిని చూసి ఒక చిల్లు వేస్తాడు. రోగం లేదని గుర్తన్నమాట. చీటీ మీద రాసుందిగా. మీరు చదవలేదా?"

"కళ్ళజోడు..." అని మొదలుపెట్టి నోని ఆగిపోయింది. మంచం అంచున కూర్చుంది. ఆ గదిలో పగటిపూట నోని కూర్చోవడం అదే మొదలు. డీలియాకి దాంతోనే భయమేసింది.

"మీ చీటీ ఏది?"

నోని గుండె మీద చెయ్యి వేసి చూపించింది.

పెర్రీని పిలిస్తే వాడు తలుపుకి ఆనుకుని విన్నాడు. "చిల్లుల్లేని చీటీతో దిగితే ఏమవుద్ది?" అనడిగింది డీలియా.

"ఏమవుద్ది? పక్కకి తీసి ఆసుపత్రిలో కూచోబెడతారు. తీరిగ్గా కళ్ళూ పళ్ళూ అన్నీ చూస్తారు. నచ్చకపోతే మాతోపాటే వెనక్కి. వెనక్కొచ్చేటప్పుడు కూర బాగుంటుంది లెండి, జనం తక్కువ."

"నీ కూర నువ్వే తిను" అంది నోని. మర్నాడు మధ్యాహ్నానికి బోస్టన్.

పైకి వెళ్ళి ఆ చేటచెవుల అబ్బాయిని అడగాలి. అడగడమన్నది నోనికి చేతకాని పని. ముప్ఫై ఏళ్ళలో ఉప్పు అరువడిగింది లేదు, పడవ లాగడానికి చెయ్యి సాయం అడిగింది లేదు. ఎల్లీ కూడా తనే రమ్మంది కాబట్టి వస్తోంది. ఇప్పుడు, చెంచా కడుక్కోమని తిట్టిన నోటితోనే దయచూడమనాలి. ఒక అరగంట మంచం మీద అలాగే ఉంది. తరవాత ఎల్లీ మోకాళ్ళు గుర్తొచ్చాయి. పద్నాలుగు కంచాలూ, మెట్లూ గుర్తొచ్చాయి. లేచి ఆప్రాను విప్పి మడిచి పెట్టి, నల్లశాలువా కప్పుకుంది.

డాక్టరు గదిలో ఒక్కడే ఉన్నాడు. ఆవిణ్ణి చూస్తూనే అలవాటుకొద్దీ బల్ల మీది చెంచా ఎత్తాడు.

"చెంచా కోసం రాలేదు, డాక్టరుగారూ" అంది నోని. గారూ అనేసరికి ఫెన్విక్ లేచి నిలబడ్డాడు. "నా అట్టచీటీకి చిల్లుల్లేవు. మీ వరసలో నేను నిలబళ్ళేదు."

"మీకు చీటీ ఎందుకు? మీరు ఓడ ఉద్యోగి కదూ?"

"కాదు. నేను ప్రయాణికురాల్ని. మూడో తరగతి."

ఆయన చేతిలో చెంచా వంక చూసుకున్నాడు. "ఓడ ఉద్యోగి కాని మనిషి చెబితే ఇన్ని రోజులూ చెంచా కడిగానా" అన్నాడు.

"కడగాల్సిందే. ఎవరు చెబితేనేం?"

ఫెన్విక్ కుర్చీలో కూర్చుని నుదురు రుద్దుకున్నాడు. "అమ్మా, చూడని మనిషిని చూశానని చిల్లు వేస్తే నా ఉద్యోగం పోతుంది. అది అబద్ధం అవుతుంది. వెయ్యలేను."

అబద్ధం వద్దన్నవాడితో ఏం వాదిస్తాం? "వెయ్యకండి అయితే" అని నోని వెనక్కి తిరిగింది. తలుపు దాకా వెళ్ళింది.

"ఆగండి" అన్నాడాయన. "రెండోరోజు మిమ్మల్ని చూశాను. చెంచా. మూడోరోజు నేను తెచ్చిన గంజి చూసి, దాంతో గోడకి సున్నం కొట్టుకోమన్నారు. నాలుగోరోజు గోళ్ళు చూపించమన్నారు. చూపించాను."

"మురికిగా ఉన్నాయి మరి."

"మొదటిరోజు మెట్ల మీంచి మమ్మల్నందర్నీ తిట్టుకుంటూ దిగింది కూడా మీరే, గుర్తుంది. చూశాను, అమ్మా. ఈ ఓడలో నేను రోజూ బాగా చూసిన మనిషి మీరొక్కరే. మిగతావాళ్ళు మొహం చూసేలోపే వెళ్ళిపోతారు. చీటీ ఇలా ఇవ్వండి."

ఇవ్వడానికి చీటీ రాదే. పక్కగదిలోకి పంపి కత్తెర ఇచ్చాడు. ఆ కత్తెరకి మైనపు దారం తెగలేదు. పెర్రీ వంటశాల నించి ఎముకలు కొట్టే కత్తి తెచ్చి, తలుపు సందులోంచి మొహం అటు తిప్పుకుని అందించాడు. "ఇదేం కుట్టమ్మా, ఓడకి లంగరు గొలుసు తెగినా వాడుకోవచ్చు" అన్నాడు. లోపల, వలముడి వేసిన చేతికే దాన్ని కోసుకోవడానికి చాలా సేపు పట్టింది.

అట్టచీటీ చెమటకి మెత్తబడి, ఒంటి వంపుకి వంగిపోయి ఉంది. ఫెన్విక్ దాన్ని బల్ల మీద చదును చేశాడు. పటకారు పట్టుకుని ఆగాడు. "ముందు కళ్ళు చూడాలి" అన్నాడు.

నోని కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆయన చేతులు కడుక్కున్నాడు, ఆవిడ చూసేలా. రెప్ప తిరగేశాడు. ఒకటి, తరవాత రెండోది.

"ఉప్పు. పొగ. గింజల్లేవు" అన్నాడు. "కానీ ఎరుపు చూస్తే అక్కడివాళ్ళకి అనుమానం వస్తుంది. కాచి చల్లార్చిన నీళ్ళతో రెండు పూటలా కడగండి. రుద్దొద్దు. వాళ్ళు చూసేదాకా కన్నీళ్ళు పెట్టొద్దు."

"నేను ఏడవను" అంది నోని.

టిక్కు, టిక్కు, టిక్కు అని ఏడుసార్లు కొరికింది పటకారు.

మర్నాడు నేల కనపడింది. ఓడ మీద ఆడా మగా అంతా రెయిలింగు పట్టుకుని ఏడ్చారు. డీలియా వెక్కి వెక్కి ఏడ్చింది. నోని గాలి తగలకుండా శాలువా కళ్ళ దాకా లాక్కుని, ముక్కుసూటిగా చూస్తూ నిలబడింది. "రాతిగుండె" అని కెర్రీ చెల్లెలు అక్క చెవిలో అంది. నోనికి వినపడింది. వినపడనట్టే ఉంది. బకెట్టు మోసిన ఏ చేతికైనా దక్కేది ఇదే.

రేవు మేడ మీద తెల్లకోటు డాక్టరు చీటీ తీసుకుని చిల్లులు లెక్కపెట్టాడు. రెప్ప తిరగేసి, దీపం కిందకి తిప్పి, మళ్ళీ చూశాడు. "ఎర్రగా ఉన్నాయి. ఏడ్చావా?"

"లేదయ్యా. ఉప్పుచేపల పని."

"ఎన్నాళ్ళు?"

"ముప్ఫై ఏళ్ళు. మీరు తినే ఉంటారు."

ఆయన నవ్వలేదు. చీటీ మీద ముద్ర కొట్టి తిరిగిచ్చి, పక్కనున్న తలుపు చూపించాడు. ఆ తలుపుకి అవతల కటకటాలు. వాటి వెనకాల కర్ర మీద ఆనుకుని, నోని గుర్తుపట్టలేనంత లావుగా ఒక ముసలమ్మ. ఎల్లీ ఇరవై రెండేళ్ళప్పుడు ఊరొదిలి అమెరికా పోయింది. నోని మనసులో ఇంకా ఇరవై రెండే.

"ఇంతసేపా? పులుసు మాడిపోయుంటుంది" అంది ఆ ముసలమ్మ.

గొంతు మాత్రం అదే. నోని మూట కింద పెట్టి, రెండు పిడికిళ్ళతోనూ కళ్ళు రుద్దుకుంది, బాగా, కసితీరా. ఇప్పుడు ఎవరి ఉత్తరువూ అక్కర్లేదు.

ఆ ఇంట్లో నోని పంతొమ్మిదేళ్ళు వండింది. ఎల్లీ పోయాక కూడా నడిపింది. ఓడ దిగి కొత్తగా వచ్చిన ఆడపిల్లలకి ముందు అన్నం పెట్టి, తరవాత పిండి డబ్బా మూత తీసి ఒక వంకర అట్టచీటీ చూపించేది. అందరి చీటీల్లోనూ చిల్లులు రోజుకో తీరుగా, ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉంటాయి. ఇందులో ఏడూ దువ్వెన పళ్ళలా ఒకే వరస. "చూస్తే తెలియట్లా, అన్నీ ఒక్కసారే వేశారని?" అని ఒక గడుసుపిల్ల అడిగింది.

"తెలుస్తుంది" అంది నోని. "తెల్లకోటాయనకీ తెలిసింది. పైవాళ్ళు చిల్లులు లెక్కపెట్టమన్నారు, ఆయన లెక్కపెట్టాడు. కంచం తియ్యి, చెంచా కడిగి పెట్టు."