టొరంటోలో మా రవి పాడిన జపాన్ పాట

కెనడాకు వచ్చి పాటల గదికి పోయిన ముసలోడు ఎవరన్నా ఉంటారా అని నవ్వకండి. నేను పోయాను! ఇంత సంతోషం నాకు ఎన్నో ఏండ్ల తర్వాత దొరికింది. నా చదువు ఏడో తరగతి, తప్పులుంటే దిద్దుకుని చదవండి. జనగామలో ముప్పై ఏండ్లు పెండ్లిండ్లకు, జాతర్లకు మైకు సెట్టు కిరాయికిచ్చి బతికినవాణ్ణి. మా ఆవిడ పోయాక ఇంట్లో ఊసుపోక, విజిటర్ వీసా మీద లండన్ వచ్చాను. ఇంగ్లాండు లండన్ కాదండీ, ఇక్కడ ఒంటారియోలో కూడా ఒక లండన్ ఉంది. మా అబ్బాయి రవి ఇక్కడ కాలేజీలో చదువుతున్నాడు. ముప్పై మూడేండ్లకు వచ్చిన స్టూడెంటు!

వాడు పనిచేసే కంపెనీ మూతపడ్డాక, అందరూ వస్తున్నారని వాడూ వచ్చాడు. ఇక్కడ ఎక్కడ చూసినా మన పిల్లలే. సిటీ బస్సులో కండ్లు మూసుకుంటే వరంగల్ బస్సులో ఉన్నట్టే ఉంటుంది. కానీ వాళ్ళంతా ఇరవై, ఇరవై రెండేండ్ల వాళ్ళు. వీడితో పాటు బేస్‌మెంట్‌లో ఉండే అయిదుగురూ మంచి పిల్లలే, కానీ వీణ్ణి అంకుల్ అనేవాళ్ళు. నేను దిగిన రోజు గుంటూరు అబ్బాయి సాయి తలుపు తీసి, "ఇప్పటిదాకా ఒక అంకులే అనుకున్నాం, ఇద్దరయ్యారు" అన్నాడు. అందరూ నవ్వారు, రవి కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మొదటి వారంలో నేను గమనించింది ఒకటే. మా వాడి ఫోను మోగదు. పని ఉంటే వాడు పనిచేసే హోటల్ వాళ్ళు మెసేజ్ పెడతారు, అంతే. అన్నం కూడా అందరూ తిన్నాక, పొయ్యి ఖాళీ అయ్యాక, ఒక్కడే నిలబడి తినేవాడు.

రవి ఒక జపాన్ హోటల్ వంటగదిలో పార్ట్ టైమ్ చేస్తాడు. అక్కడి పెద్ద వంటవాడు కెంజీ, ఇంకో వంటవాడు తకుయా, ఇద్దరూ వీడి ఈడు వాళ్ళే. సోమవారం హోటల్‌కు సెలవు. నెలకో సోమవారం వాళ్ళు టొరంటోకు వ్యాను వేసుకునిపోయి చేపలు, బియ్యం కొనుక్కుని, మధ్యాహ్నం కరోకే గదిలో పాటలు పాడుకుని వస్తారు. టీవీలో సంగీతం మాత్రం వస్తుంటే మాటలు మనం పాడటమే, ఇంకేం లేదు. ఏడాదిగా పనిచేస్తున్నా వీణ్ణి ఎప్పుడూ పిలవలేదు. నేను వచ్చిన నెలకు పిలిచారు. "మీ నాన్నను కూడా తీసుకురా" అన్నాడట కెంజీ.

రవికి సంతోషం కన్నా భయం ఎక్కువైంది. "నాయినా, జపాన్ పాటే పాడాలె. అందరికీ నచ్చాలె. నచ్చకపోతే మళ్ళీ పిలవరు."

"పాటేగదరా, ఒక్క పాట ఏరుడు నాకు పెద్ద పనా?" అన్నాను.

ముప్పైల్లో ఉన్న మగవాళ్ళకు ఏ పాట నచ్చుతుందని వాడు ఫోనులో ఎంతో వెతికాడు. మరీ కొత్తది వద్దు, అది కాలేజీ పిల్లలది. మరీ పాతది వద్దు, అది వాళ్ళ మేనేజర్లది. వాళ్ళు బడికి పోయే రోజుల్లో టీవీలో కార్టూన్ బొమ్మల ముందు వచ్చిన పాటయితే అందరికీ నోటికి వస్తుంది. ఏడుపు పాట అసలు వద్దు. ఇదంతా సరే, నా లెక్క వేరు. పాట మంచిదో కాదో పాడేవాడి మొహం చూస్తే తెలియదు, వినేవాడి కాలు చూడాలి. సాయి వాళ్ళు వంట చేస్తుంటే రవి ఒక్కొక్క పాటా పెట్టేవాడు, నేను వాళ్ళ కాళ్ళు చూసేవాణ్ణి. ఒక పాటకు సాయి కాలే కాదు, చేతిలో గరిటె కూడా గిన్నె అంచు మీద దరువేసింది. మధ్యలో అందరూ కలిసి "ఓయ్! ఓయ్!" అని అరిచే చోటు ఉంది. మాట రానివాడు కూడా అరవొచ్చు.

"ఇదేరా బిడ్డా!" అన్నాను. రెండు వారాలు వాడు ఆ పాటను తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టాడు.

ఆ సోమవారం రవికి పొద్దున క్లాసు ఉంది కాబట్టి మేము వ్యానులో పోలేదు. పదకొండు గంటల బస్సు ఎక్కాం. లండన్ నుంచి టొరంటోకు రెండున్నర గంటలు. ముందే ఆన్‌లైన్‌లో కొంటే మనిషికి ముప్పై డాలర్ల లోపే పడుతుంది. డ్రైవరు ఒక పంజాబీ పెద్దాయన. రవి పెదవులు కదుపుతుంటే చూసి నన్ను హిందీలో అడిగాడు, "మీ వాడికి పరీక్ష ఉందా?"

"ఉంది. పాటల పరీక్ష."

"పాసైతే ఉద్యోగం ఇస్తారా?"

"లేదన్నా, దోస్తులను ఇస్తారు."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఈ దేశంలో అదే కష్టమైన పరీక్ష" అని తలూపాడు. దారి పొడుగునా పచ్చటి చేలు, ఎక్కడా మనిషి కనపడలేదు. నేను తెచ్చిన పులిహోర మా వాడు ముట్టనే లేదు.

టొరంటోలో దిగి సబ్‌వే రైల్లో కొన్ని స్టేషన్లు పోయి, ఒక నూడుల్స్ షాపు పైన మెట్లెక్కితే పాటల గదులు. పగలు మనిషికి గంటకు ఆరేడు డాలర్లు, సాయంత్రం ఆరు దాటితే రెట్టింపు. చిన్న గది, సోఫాలు, పెద్ద టీవీ, రెండు మైకులు. మైకు చూడగానే నా చెయ్యి ఊరుకోలేదు, "హలో, మైక్ టెస్టింగ్" అనేశాను! కెంజీ లేచి నడుము వంచి నాకు దండం పెట్టి "ఒతోసాన్" అని పిలిచాడు. అంటే నాన్నగారు అని రవి చెప్పాడు.

ముందు తకుయా పాడాడు. తర్వాత రవి పలక లాంటి దాంట్లో మన పాట నొక్కాడు. టీవీ మీద పాట పేరు పడింది. గది ఒక్కసారిగా చల్లబడిపోయింది. తకుయా కెంజీ వైపు చూసి, రవి చెవిలో ఏదో అన్నాడు. మా వాడు నా వైపు తిరిగాడు.

"ఏమైందిరా?"

"నాయినా, అది కెంజీ పాటంట. వీళ్ళల్ల ఒక్కొక్కరికి ఒక్కో సొంత పాట ఉంటదంట. ఒకరిది ఇంకొకరు పాడరంట."

వినేవాళ్ళ కాళ్ళు చూశాను గానీ, పాట ఎవరిదని అడగాలని నాకెట్లా తెలుస్తుంది! రవి ఆపుదామని పలక మీదికి చెయ్యి చాపాడు. ఈలోగా కెంజీ లేచాడు. రెండో మైకు తీసుకున్నాడు. మొదటి లైను నువ్వు పాడు అన్నట్టు రవి వైపు వేలు చూపించాడు.

రవి మొదటి లైను పాడాడు. రెండో లైను కెంజీ అందుకున్నాడు, మూడోది మళ్ళీ రవి. "ఓయ్! ఓయ్!" దగ్గరికి వచ్చేసరికి తకుయా సోఫా ఎక్కాడు, నేను కూడా గొంతు చించుకుని అరిచాను! మా వాడు పండ్లు కనపడేట్టు నవ్వుతున్నాడు. వాడి పై పన్ను ఒకటి వంకరగా ఉంటుందన్న సంగతే మరిచిపోయాను నేను.

పాట అయ్యాక కెంజీ ఇంగ్లీషులో అడిగాడు, "ఇది ఎవరు ఏరారు?" రవి నన్ను చూపించాడు. "ఒతోసాన్, మీ చెవి చాలా మంచిది. కానీ ఈ పాట నాదే" అని పగలబడి నవ్వాడు. తర్వాత కెంజీ, తకుయా పలక ముందు కూర్చుని వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి ఒక పాట నొక్కారు. రవి కంటే ముందు ఆ వంటగదిలో పనిచేసిన షోతా అనే అతని పాటట అది. అతను జపాన్ వెళ్ళిపోయాక దాన్ని ఎవరూ పాడలేదట. "ఇవాళ్టి నుంచి ఇది రవిది" అన్నాడు కెంజీ. రవికి ఆ పాట రాదు. కెంజీ ఒక్కొక్క లైను పాడుతుంటే, వీడు వెనకాల పాడాడు, బడిలో పిల్లాడిలాగా.

తిరుగు ప్రయాణం వ్యానులో, చేపల పెట్టెల పక్కన. ఏడున్నరైనా ఎండ తగ్గలేదు. ముందు సీట్లో ముగ్గురూ ఏదో మాట్లాడుకుంటున్నారు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆ మాటలు ఆగకూడదనిపించింది.

ఇప్పుడు సోమవారాలు మా వాడు ఇంట్లో ఉండడం లేదు. కరోకే లేని వారాల్లో కూడా కెంజీ ఫోను చేస్తాడు, బంతి ఆటకో, సామాన్లకో. నేను వచ్చిందే వీడితో ఉండటానికి, ఉన్న ఒక్క సెలవు రోజు కూడా నాకు దొరకడం లేదు! పిల్లలంతా కాలేజీకి పోయాక బేస్‌మెంట్‌లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఒక్కడికి సరిపడా బియ్యం కడుక్కుంటాను. ఫోనులో మేము మొదట ఏరిన పాట పెట్టుకుంటాను. ఆ చోటు రాగానే "ఓయ్! ఓయ్!" అని అరుస్తాను, పలికేవాడు ఎవరూ ఉండరు. దిగులుగానే ఉంటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ వచ్చే నెల విమానం ఎక్కేటప్పుడు ఈ దిగులు నాతోనే వస్తుంది, వాడి దగ్గర మిగలదు. అంతకంటే ఏం కావాలండీ!

మీరూ ఇట్లాంటి పాటల గదికి పోతే ఒక్క మాట గుర్తుంచుకోండి. మధ్యాహ్నమే పోండి, అందరూ కలిసి అరిచే చోటున్న పాట ఏరుకోండి, కానీ నొక్కేముందు పక్కవాణ్ణి అడగండి ఇది ఎవరి పాటని. కెంజీ ఇచ్చిన పాట పేరేమిటని మీరు అడగొచ్చు. అది ఇక్కడ రాయను. అది మా రవిది.