ఆపని ఇంజిన్

జర్మనీలో, జీగెన్‌లో చదువుకుంటున్న మా తమ్ముడి కూతురు స్వప్న దగ్గర ఒక చలికాలం కొన్నాళ్లు ఉన్నాను. ఆ ఉదయం తనకు వీసా పొడిగింపు టెర్మిన్, అంటే ఆఫీసువాళ్లిచ్చిన అపాయింట్‌మెంటు. అది తప్పితే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. గడ్డకట్టిన వీధిలో తన పాత డీజిల్ కారు మొరాయించి మొరాయించి స్టార్టయింది. వేడెక్కనిద్దామని అలాగే ఉంచాను. మనాలి దారిలో చలికి డీజిల్ గడ్డకడితే ట్యాంకు కింద మంటపెట్టి లారీ తోలినవాణ్ణి, చల్లటి ఇంజిన్‌ని ఉరికించను.

ఎదురింటి ముసలావిడ వచ్చి బానెట్ మీద కొట్టింది.

"ఆపమంటోంది పెదనాన్నా. బండి నిలబెట్టి ఇంజిన్ తిప్పడం ఇక్కడ తప్పు. పొగొస్తుందని."

"ఆపితే మళ్లీ స్టార్టవుతుందా? కొత్త బ్యాటరీ ఆవిడిస్తుందా? అడుగు."

ఆవిడ తన వాకిట్లో కారు చూపించింది. గోడ ప్లగ్గు నుంచి ఇంజిన్‌కి కరెంటు తీగ. లోపలున్న హీటర్ ముందే వేడిచేసి పెడుతుందట, స్టార్ట్ చేసి పోవడమేనట.

నాకు ఒళ్లు మండింది. "నీకు వాకిలుంది, ప్లగ్గుంది. మూడో అంతస్తులో అద్దెకుండే పిల్ల వీధిలోకి తీగ ఎలా లాక్కుంటుంది? ఉన్నదున్నట్టు చెప్పమ్మా, మెత్తబరచకు."

స్వప్న చెప్పింది. ఆవిడ తలెత్తి మా కిటికీ వైపు చూసింది. తర్వాత తన కారు తీగ పీకేసి, టెర్మిన్‌కి తనే దింపుతానన్నట్టు స్వప్న కోసం తలుపు తీసింది.

"ఇక ఇంజిన్ ఆపెయ్యమంటోంది," అంది స్వప్న ఎక్కుతూ.

"ముందు మీరు కదలండి," అన్నాను.

ఆ కారు మలుపు తిరిగేదాకా నేను ఇంజిన్ ఆపలేదు.