సముద్రపు నీళ్లలో టార్చి సెల్లు మసి

ముందే ఒప్పుకుంటున్నాను. నేను దోసెడు చెబితే అందులో జరిగింది చెంచాడే ఉంటుంది, మిగతాదంతా నా నోటి దురద.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, చండ్రుగొండ అవతల అడవి అంచున ఓ ఆశ్రమ పాఠశాలలో నేను కాంట్రాక్టు సైన్సు మాస్టర్ని. మరో ఏడాది ఉండాలంటే భద్రాచలం సైన్సు ప్రదర్శనలో నా ప్రయోగం చూసి పెద్ద అధికారి సంతకం పెట్టాలి. అందుకని సముద్రపు నీళ్లకు కరెంటు పెట్టి హైడ్రోజన్, ఆక్సిజన్ పుట్టిస్తానని ఊరంతా చాటాను.

సముద్రం ఎక్కడ, మేమెక్కడ! మా బడి వంటావిడ మాఘ పున్నమికి సముద్ర స్నానానికి వెళ్లి తెచ్చుకున్న నీళ్ల క్యాను ఒకటుంది. నా కొలతలో అది బంగాళాఖాతంలో సగం. పూజ గూట్లో పెట్టుకున్నది, బతిమాలితే ఇచ్చింది.

చిక్కేమిటంటే, ఉప్పునీటికి కరెంటు పెడితే ప్లస్ వైపు ఆక్సిజన్‌కు బదులు క్లోరిన్ వస్తుంది. అక్కడ మాంగనీస్ పూత ఉత్ప్రేరకంగా ఉంటే ఆక్సిజన్ వైపు మొగ్గుతుందని ఏదో పత్రికలో చదివాను. చచ్చిన టార్చి సెల్లులోని నల్లమసిలో ఉండేది అదే కదా! సెల్లులు పగలగొట్టి, వాటి మధ్యనుండే కార్బన్ కడ్డీలకే ఆ మసి పట్టించి మూడు రోజులు ఎండబెట్టాను. నన్ను చూసినవాళ్లు కొత్తగూడెం గనిలో షిఫ్టు దిగి వచ్చాననుకున్నారు.

ప్రదర్శన రోజు మూట విప్పితే కడ్డీలు నిగనిగలాడుతున్నాయి. తన నీళ్లను ఏం చేస్తానోనని వెంట వచ్చిన వంటావిడ పక్కనే ఉంది.

"మసేదమ్మా?"

"చింతపండు, బూడిద పెట్టి తోమిన సారూ. గంగమ్మల ముంచుతనంటివి. గా మసితోని ముంచుతరా ఎవరన్నా?"

"ఆ మసే కదమ్మా మందు!"

"మందైతే సీసాల ఉండాలె. గట్ల పుల్లకు పూస్తరా?"

ఇంతలో అధికారి రానే వచ్చాడు. చేసేదేం లేక కరెంటు పెట్టాను. బుడగలు లేచాయి. ఆక్సిజనైతే నిప్పు రాజుకోవాలి కదా అని ప్లస్ గొట్టం దగ్గర అగరబత్తి పెడితే భగ్గుమని పందిరంతా వెలిగింది. వెనకే ఘాటు. అధికారి ముక్కు మూసుకున్నాడు.

"ఏందయ్యా, ఇది బ్లీచింగ్ వాసన గాదా?"

నా ఉద్యోగం పోయిందనుకున్నాను. వంటావిడ అందుకుంది. "అవ్ సారు, గోదారి వచ్చిపోయినంక బావిల చల్లుతరు సూడుండ్రి, గదే!"

"ఉప్పునీళ్లతోనే తయారైతదా? వరదల్ల బ్లీచింగ్ బస్తాలు జల్దీ రాక సస్తున్నం. మంచి పనే చేసినవ్." సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

కాంట్రాక్టు నిలబడింది. నేను పాసయ్యానో ఫెయిలయ్యానో మాత్రం ఇప్పటికీ అంతుపట్టదు. మసి ఉంటే ఆక్సిజన్ వచ్చేదా, అప్పుడూ ఇదే ఘాటా? వంటావిడకు దండం పెట్టాలా, దండగ పని చేశావని తిట్టాలా?

ఇందులో నేను కల్పించింది అగరబత్తి మంట. అది భగ్గుమనలేదు. గొట్టం దగ్గరికి పోగానే నల్లబడింది. ఆరిపోయిందనుకుని, అధికారి చూడకముందే జేబులో దాచాను. చొక్కాకు పడ్డ బొక్క మాత్రం నిజం.