ఏడో రీలు

1989 నవంబరులో బోధన్‌లోని ఒక టాకీసులో నాకు రీలు చెకింగ్ పని ఇచ్చారు. నేను బడికి పోలేదు. చదువూ ఈ పనీ రెండూ మా నాన్న, బాపే, ఇంట్లో నేర్పాడు. ఆయన అదే టాకీసులో హెడ్ ఆపరేటర్. ఆడపిల్లను ప్రొజెక్టరు క్యాబిన్‌లోకి రానిచ్చినందుకు ఆయనకూ దేవుడికీ ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఆట ఆడిన ప్రతి రీలునూ వెనక్కి చుట్టాలి. చుట్టేటప్పుడు ఫిల్మును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోనిస్తే చిరుగులూ అతుకులూ తగులుతాయి. పాడైనచోట కోసి, గీకి, సిమెంటు రాసి అతికించాలి. ఫిల్ము జిగురునే సిమెంటు అనేవాళ్ళం. ఒక్కొక్కరి అతుకు ఒక్కో తీరు. మెషిన్ పళ్ళకు పట్టకుండా బాపు తన అతుకు మూలలు రెండూ సన్నగా కోసేవాడు. ఆ కోత నాకు తప్ప ఎవరికీ నేర్పలేదు.

ఇంగ్లీషు సినిమా వస్తే మాత్రం ఒక రీలు నాకిచ్చేవాడు కాదు. "గా రీలు నేను సూస్కుంట తియ్యి బిడ్డా, నీ కండ్లు గుంజుతయ్" అనేవాడు. ప్రేమ అనుకునేదాన్ని.

చేరిన మూడో ఏడు, చెరకు కొట్టే కాలంలో, మత్తుమందుల ముఠాల మీద సైన్యం హెలికాప్టర్లతో విరుచుకుపడే సినిమా వచ్చింది. పిల్లలకు మంచిదని ఒక బడి పెద్దసారు ఆడపిల్లలతో సహా అందరినీ మ్యాట్నీకి తోలుకొచ్చాడు. ఎలక్షన్లప్పుడు తప్ప హెలికాప్టరు చూడని పిల్లలు. రెక్కల చప్పుడు వినగానే హాలు దద్దరిల్లింది. పొద్దుటి ఆట చివర్లో బాపుకు చలిజ్వరం వచ్చి ఇంటికి పోయాడు. మెషిన్ దగ్గర రెండో ఆపరేటర్ సాయిలు అన్న, రీళ్ళ దగ్గర నేను మిగిలాం.

బాపు తనకు ఉంచుకున్న ఏడో రీలు చుట్టకుండానే పక్కన ఉంది. తీసి చుట్టడం మొదలుపెట్టాను. సగంలో వేలికి అతుకు తగిలింది. దీపం ముందు పట్టాను. అతుక్కు ఒకవైపు హెలికాప్టర్లు పొలం మీదికి దిగుతున్నాయి. రెండోవైపు హెలికాప్టర్లూ లేవు, సైనికులూ లేరు. ఒంటిమీద బట్ట లేని ఒక ఆడమనిషి. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పొద్దుటి ఆటకు మగవాళ్ళను రప్పించడానికి ఇలాంటి ముక్కలు కలుపుతారని విన్నాను. బిట్టు అంటారు. సెన్సారు ఒప్పుకోనిది ఏది కలిపినా నేరం, టాకీసుకు సీలు పడుతుంది. ఎక్కడో పట్నాల్లో జరిగేదనుకున్నాను. అతుకు మూలలు చూశాను. రెండూ సన్నగా కోసి ఉన్నాయి.

"చెల్లె, ఆరోది అయిపోవస్తున్నది, ఏడోది తే!" అని సాయిలు అన్న కేకేశాడు.

"అన్నా, గిండ్ల వేరేదున్నది."

ఆయన మొహం తెల్లబోయింది. "అయ్యో, బాపు తియ్యలేదా? మ్యాట్నీకి రోజు తీస్తడు గదా!"

అంటే ఆయనకూ తెలుసు. గేటు దగ్గరివాళ్ళకూ తెలుసట. తెలియనిది నాకొక్కదానికే.

ఆ ముక్కకు అటూ ఇటూ రెండుచోట్ల కోశాను. గీకి, సిమెంటు రాసి, ఇరవై లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకున్నాను. ఈలోగా ఆరో రీలు అయిపోయి తెర ఆగింది. కింద ఈలలు. "ఏమాయెరా, హెలికాప్టర్ల పెట్రోల్ అయిపోయిందా!" అని నేల టికెట్ల నుంచి ఎవరో అరిచారు. రీలు ఎక్కింది. హెలికాప్టర్లు పొలంలో దిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం కోసిన ముక్కను గుడ్డలో చుట్టి తెచ్చి బాపు మంచం మీద పెట్టాను. ఆయన విప్పకుండానే పోల్చుకున్నాడు.

"మొగోళ్ళ ఆటకు గట్ల నడుస్తది బిడ్డా. ఓనరు కలపమంటడు. నీ చేతికి రాకుండ ఇన్నొద్దులు కాపాడిన."

"నా చేతికి రాకుంటే సరిపాయెనా బాపు?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రీళ్ళ పెట్టె మీద చెకింగ్ సంతకం నాది; అది లేకుంటే తర్వాతి ఊరి టాకీసు పెట్టెను తీసుకోదు. నేను చూడని రీలుకు సంతకం పెట్టనని మర్నాడు ఓనరుకు చెప్పాను. ఆయన నెలరోజులు నాతో మాట్లాడలేదు గానీ బిట్టు ఆగింది. 

రీలును చూశామని ఇంకొకరు చెప్పడం, మన వేళ్ళతో చూడటం ఒకటి కాదని ఆనాడు తెలుసుకున్నాను. పని మానేసేదాకా ఎవరు చూశామన్నా ప్రతి రీలునూ మళ్ళీ మొదటి నుంచి చుట్టాను. బాపు చూశానన్నవి కూడా.